సూచిక సరిగా ఉంటేనే సాంకేతికత: విశ్వవిద్యాలయ గ్రంథాలయాల ఆధునికీకరణ

విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని ఆధునికీకరించడం అనగానే కంప్యూటర్లు, సర్వర్లు, ద్వారం దగ్గర అలారం మోగించే గేట్లు గుర్తుకు వస్తాయి. నిధుల కోసం పంపే ప్రతిపాదనల్లోనూ వీటికే ముందు వరుస దక్కుతుంది. గ్రంథాలయానికి వచ్చిన విద్యార్థికి మాత్రం మూడు విషయాలు తెలియాలి: తనకు కావలసిన పుస్తకం అక్కడ ఉందా, ఉంటే ఏ అలమారాలో ఉంది, ఎవరైనా తీసుకుపోయి ఉంటే తిరిగి ఎప్పుడు వస్తుంది. ఈ మూడింటికీ జవాబు చెప్పేది గ్రంథసూచిక, అంటే లైబ్రరీ సిబ్బంది క్యాటలాగు అని పిలిచే పుస్తకాల వివరాల పట్టిక. ఆ పట్టికను ఎంత శ్రద్ధగా తయారుచేశారన్న దానిమీదే ఆ తరువాత కొనే ప్రతి యంత్రం ప్రయోజనమూ ఆధారపడి ఉంటుంది. పైకి కనిపించని పని కావడం వల్ల ఆధునికీకరణలో అన్నిటికంటే తక్కువ డబ్బు, తక్కువ గౌరవం దక్కుతున్నది కూడా ఆ పనికే.

భారతదేశంలో ఈ రంగానికి శాస్త్రీయమైన పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గణితం బోధించే అధ్యాపకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నియమితుడై, శిక్షణ కోసం లండన్ వెళ్లి, తిరిగి వచ్చిన తరువాత పుస్తకాలను తాళం వేసిన బీరువాల్లో కాపాడే వస్తువులుగా కాక పాఠకుడు స్వయంగా అలమారాల మధ్య తిరిగి తీసుకోగలిగిన సంపదగా మార్చాడు. 1931లో ప్రచురించిన అయిదు సూత్రాల్లో ఆయన పుస్తకం ఉన్నది వాడకానికేనని స్థాపించి, పాఠకుని కాలం వృథా కాకూడదని, గ్రంథాలయం నిరంతరం పెరుగుతూ ఉండేదని చెప్పాడు. తొమ్మిది దశాబ్దాలు దాటినా, కొత్తగా వచ్చిన ఏ సాంకేతికతనైనా అంచనా వేయడానికి పాఠకుని కాలం గురించిన ఆ సూత్రమే నేటికీ తగిన కొలమానం. తెలుగువారికి ఈ చరిత్రతో దగ్గరి సంబంధమే ఉంది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా కోర్సు ప్రారంభించి, దేశంలో ఈ విద్యకు తొలిరోజుల్లోనే చోటు ఇచ్చిన విశ్వవిద్యాలయాల్లో ఒకటిగా నిలిచింది.

గ్రంథాలయంలోకి వచ్చిన పుస్తకం పాఠకుని చేతికి చేరేలోగా అనేక చేతులు మారుతుంది. శాఖలు పంపిన జాబితాల ప్రకారం సేకరణ విభాగం దాన్ని కొని, రిజిస్టరులో ఎక్కించి, అక్సెషన్ నంబరు అనే వరుస సంఖ్య ఇస్తుంది. ఆ తరువాత సాంకేతిక విభాగం పుస్తకం ఏ విషయానికి చెందినదో నిర్ణయించి వర్గ సంఖ్య వేస్తుంది. దీన్నే వర్గీకరణ అంటారు. రచయిత, శీర్షిక, ప్రచురణ సంవత్సరం, విషయం వంటి వివరాలను నియమబద్ధంగా నమోదు చేయడం సూచీకరణ. ఈ రెండూ పూర్తయిన పుస్తకమే అలమారా ఎక్కి, ఇష్యూ కౌంటరు ద్వారా బయటికి వెళ్తుంది.

వర్గీకరణ యాంత్రికమైన పనిగా కనిపిస్తుంది గాని అందులోనూ చిక్కులున్నాయి. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న డ్యూయీ దశాంశ పద్ధతి 1876లో అమెరికాలో పుట్టింది. అందులో సాహిత్యానికి కేటాయించిన 800 వరుసలో అమెరికన్ సాహిత్యానికి 810, ఇంగ్లండు సాహిత్యానికి 820 విశాలంగా దక్కగా, వెయ్యేళ్ల తెలుగు సాహిత్యమంతా 894.827 అనే ఒక్క సంఖ్య కింద సర్దుకోవలసి వచ్చింది. వేల సంఖ్యలో తెలుగు పుస్తకాలున్న గ్రంథాలయం ఆ సంఖ్యకు ప్రక్రియను, కాలాన్ని, రచయితను సూచించే గుర్తులు జోడించుకుంటూ పోకపోతే, నన్నయ మీద వచ్చిన విమర్శ ఏ అలమారాలో ఉందో, నిన్నటి నవల ఏ అలమారాలో ఉందో చెప్పడం సిబ్బందికే కష్టమవుతుంది. ఆ గుర్తులు ఎలా వేయాలో నిర్ణయించేది మనిషే. ఏ సాఫ్ట్‌వేరూ ఆ నిర్ణయాన్ని తనంతట తాను తీసుకోలేదు.

కంప్యూటరీకరణలో మొదటి మెట్టు సమీకృత గ్రంథాలయ నిర్వహణ వ్యవస్థ, అంటే సేకరణ, సూచీకరణ, ఇష్యూ, పత్రికల నమోదు ఇవన్నీ ఒకే సమాచార నిధి మీద నడిపించే సాఫ్ట్‌వేరు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) ఆధ్వర్యంలో మొదలై 1996లో స్వతంత్ర అంతర్ విశ్వవిద్యాలయ కేంద్రంగా మారిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఇందుకోసం సోల్ అనే సాఫ్ట్‌వేరును రూపొందించి విశ్వవిద్యాలయాలకు, కళాశాలలకు అందించింది. మరోవైపు న్యూజిలాండ్‌లోని హొరోఫెనువా అనే చిన్న ప్రాంతపు గ్రంథాలయం, 2000 సంవత్సరం రాకతో తన పాత వ్యవస్థ పనిచేయదన్న భయంతో తయారు చేయించుకున్న కోహా, ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోగలిగిన సాఫ్ట్‌వేరుగా ప్రపంచమంతా వ్యాపించి మన దేశంలోనూ అనేక గ్రంథాలయాల్లో స్థిరపడింది. ఈ రెండూ మార్క్ అనే ప్రమాణాన్ని పాటిస్తాయి. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో 1960లలో రూపొందిన ఆ ప్రమాణం రచయితకు ఒక గడి, శీర్షికకు ఒక గడి, విషయానికి ఒక గడి అంటూ సంఖ్యలు కేటాయించడం వల్ల, ఒక గ్రంథాలయం నమోదు చేసిన వివరాన్ని మరో గ్రంథాలయం నేరుగా తీసుకోగలుగుతుంది. రేపు సాఫ్ట్‌వేరు మార్చవలసి వచ్చినప్పుడు సమాచారం చెక్కుచెదరకుండా ఉండాలన్నా ఈ ప్రమాణమే దిక్కు.

అసలు కష్టం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఆంగ్ల పుస్తకం వివరాలు ప్రపంచంలో ఎక్కడో ఒకచోట సిద్ధంగా దొరుకుతాయి కనుక వాటిని దించుకోవచ్చు. తెలుగు పుస్తకం వివరాలను మాత్రం చాలా సందర్భాల్లో పుస్తకం చేతిలో పట్టుకుని, శీర్షిక పుట తిప్పి చూసి, కొత్తగా రాయవలసిందే. పాత కార్డు క్యాటలాగులోని లక్షల కార్డులను కంప్యూటరులోకి ఎక్కించే ఈ పనిని పూర్వ సమాచార మార్పిడి అనవచ్చు. దీన్ని గుత్తకు ఇచ్చి, తెలుగు చదవడం అలవాటు లేనివారి చేత రోమన్ లిపిలో ఎక్కిస్తే పుస్తకం కంప్యూటరులో చేరినా పాఠకునికి దొరకదు. విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు నవలనే తీసుకుంటే, రెండు పదాలుగా విడదీసి రాసేవారు, కలిపి రాసేవారు, దీర్ఘాలకు రెండేసి అక్షరాలు వాడేవారు ఎవరి పద్ధతిలో వారు ఎక్కించడం వల్ల ఒకే నవల నాలుగు చోట్ల నాలుగు పుస్తకాలుగా కనిపిస్తుంది. రోమన్ లిపిలో ప్రత్యేక గుర్తులు వాడకపోతే ట-త, డ-ద, ల-ళ తేడా చెరిగిపోతుంది కనుక వెతికేవారు ఏ అక్షరాలు కొట్టాలో ఊహించుకోవలసి వస్తుంది.

పేర్ల విషయం ఇంకా జటిలమైనది. పాశ్చాత్యుల పేర్లలో ఇంటిపేరు చివర వస్తుంది కాబట్టి వారి నియమం చివరి పదాన్ని ముందుకు తెస్తుంది. తెలుగువారి ఇంటిపేరు మొదటే ఉంటుంది. ఆ నియమాన్ని గుడ్డిగా పాటించిన చోట విశ్వనాథవారు సత్యనారాయణల వరుసలోకి వెళ్లిపోతారు. శ్రీశ్రీ అని వెతికినవారికీ, శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతికినవారికీ ఒకే రచనలు కనిపించాలంటే, ఈ రెండు పేర్లూ ఒకరివేనని చెప్పే ప్రామాణిక నామ పట్టిక ఒకటి తెర వెనుక ఉండాలి. కలం పేర్లు, భర్త ఇంటిపేరుతో ఒకసారి, పుట్టింటి పేరుతో ఒకసారి రాసిన రచయిత్రులు, ఒకే పేరున్న ఇద్దరు కవులు, ఇటువంటి వందల ముడులను విప్పడం సాహిత్య పరిచయం, ఓపిక కలవారే చేయగలిగిన పని. తెలుగు రాష్ట్రాల్లోని విశ్వవిద్యాలయాలు ఎవరికి వారుగా ఈ పని మళ్లీ మళ్లీ చేసుకోవడం కంటే, ఉమ్మడిగా ఒక తెలుగు రచయితల నామ పట్టికను యూనికోడ్ తెలుగు లిపిలో తయారుచేసుకుని పంచుకోవడం ఎంతో మేలు. యూనికోడ్ అంటే ప్రపంచంలోని ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్య కేటాయించిన ప్రమాణం. తెలుగుకు అందులో మొదటి నుంచీ చోటు ఉంది. 2009లో వచ్చిన సోల్ రెండో రూపం, కోహా, రెండూ దాన్ని స్వీకరిస్తాయి కనుక సాంకేతికపరమైన అడ్డంకి తొలగి చాలాకాలమైంది.

పుస్తకాల రాకపోకల నిర్వహణలో ఆర్.ఎఫ్.ఐ.డి., అంటే రేడియో తరంగాలతో పుస్తకాన్ని గుర్తించే పద్ధతి, తెచ్చిన సౌలభ్యం నిజమైనదే. పుస్తకం అట్ట లోపల అంటించే పలుచని బిళ్లలో ఒక చిన్న చిప్, దాని చుట్టూ యాంటెనా ఉంటాయి. బ్యాటరీ అక్కర లేదు. గ్రంథాలయాల్లో సాధారణంగా 13.56 మెగాహెర్ట్జ్ తరంగాలపై పనిచేసే పఠన యంత్రం దగ్గరకు వచ్చినప్పుడు ఆ తరంగాల నుంచే శక్తిని పొంది తన సంఖ్యను చెబుతుంది. బార్‌కోడును ఒక్కొక్క పుస్తకం తిప్పి కంటికి చూపించాలి. ఈ బిళ్లలున్న అయిదారు పుస్తకాలను ఒకదానిమీద ఒకటి పెట్టినా యంత్రం ఒకేసారి చదువుతుంది. దానివల్ల విద్యార్థి స్వయంగా పుస్తకం తీసుకుని, తిరిగి ఇచ్చి వెళ్లగలుగుతాడు. సిబ్బందికి ఇంతకంటే పెద్ద మేలు ఏటా చేసే స్టాక్ వెరిఫికేషన్‌లో కలుగుతుంది: చేతి యంత్రాన్ని అలమారా వెంబడి జరుపుతూ పోతే ఏ పుస్తకం లేదో, ఏది తప్పు చోట ఉందో తేలిపోతుంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో తప్పు అలమారాలో పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం కనుక ఈ ఒక్క ప్రయోజనం కోసమైనా ఆ ఖర్చు సమంజసమే. అయితే బిళ్ల చెప్పే సంఖ్యకు ఎదురుగా సూచికలో తప్పు వివరం ఉంటే, ఆ తప్పే మరింత వేగంగా తెరమీదికి వస్తుంది.

పరిశోధన పత్రికల విషయంలో మార్పు ఇంకా లోతైనది. విదేశీ శాస్త్ర పత్రికల చందాలు ఒక్కో విశ్వవిద్యాలయం భరించలేనంతగా పెరగడంతో, అందరూ కలిసి బేరమాడి కొనే ఉమ్మడి ఒప్పందాలు మొదలయ్యాయి. దీనినే కన్సార్షియం పద్ధతి అంటారు. యూజీసీ-ఇన్ఫోనెట్, ఇండెస్ట్, ఎన్-లిస్ట్ పేర్లతో విడివిడిగా నడిచినవి 2015లో ఇ-శోధ్‌సింధు అయ్యాయి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘ఒకే దేశం-ఒకే చందా’ పథకం ఈ దారిలో అతి పెద్ద అడుగు. 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించడం దాని ఉద్దేశం. సమన్వయ బాధ్యత ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ది. ఢిల్లీలోని ఐఐటీకి ఉన్న పత్రికే శ్రీకాకుళంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయ పరిశోధకునికీ అందుబాటులోకి రావడం చిన్న విషయం కాదు. చందా కట్టినంత కాలమే చదువుకునే హక్కు ఉండే ఒప్పందాలకూ, కట్టిన సంవత్సరాల సంచికలపై శాశ్వతంగా హక్కు మిగిలే ఒప్పందాలకూ తేడా ఉంటుందన్న సంగతిని గ్రంథాలయాధికారులు ఎప్పుడూ గమనంలో ఉంచుకోవాలి. ప్రభుత్వ నిర్వహణలో లేని కళాశాలల విద్యార్థులు ఈ తొలి దశకు వెలుపలే ఉన్నారన్నదీ మరవరానిది. తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ చదివేవారిలో అధిక భాగం అటువంటి కళాశాలల్లోనే ఉన్నారు.

విశ్వవిద్యాలయంలోనే పుట్టే జ్ఞానాన్ని భద్రపరచడం గ్రంథాలయం చేపట్టిన మరో కొత్త బాధ్యత. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని యూజీసీ 2009లో నిబంధన విధించాక, వాటిని అందరికీ ఉచితంగా అందించే శోధ్‌గంగ నిధి ఏర్పడి నేడు లక్షల గ్రంథాలకు నిలయమైంది. కాని తెలుగులో రాసిన సిద్ధాంత గ్రంథాలకు అక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. డీటీపీ కేంద్రాల్లో చిరకాలంగా వాడుకలో ఉన్న పాత తరహా ఫాంట్లు ఆంగ్ల అక్షరాల స్థానాల్లోనే తెలుగు అక్షర ఖండాలను కూర్చుకున్నవి. వాటితో తయారైన పీడీఎఫ్ కంటికి ముత్యాల్లాంటి తెలుగులో కనిపించినా, కంప్యూటరు దృష్టిలో అర్థంలేని రోమన్ అక్షరాల గుంపే. ఒక మాట ఇచ్చి వెతికితే ఏదీ దొరకదు. సిద్ధాంత గ్రంథాన్ని యూనికోడ్‌లోనే సమర్పించాలన్న ఒక్క నియమాన్ని తెలుగు శాఖలు, గ్రంథాలయాలు కలిసి అమలు చేస్తే, రూపాయి అదనపు ఖర్చు లేకుండా రాబోయే పరిశోధన అంతా వెతకగలిగినదిగా మారుతుంది.

విశ్వవిద్యాలయాల్లో భద్రంగా ఉన్న పాత తెలుగు పత్రికల బైండు సంపుటాలకు మాత్రం అంత తీరిక లేదు. కొయ్యగుజ్జుతో చేసిన ఆనాటి కాగితంలోని ఆమ్లం ఏటేటా దాన్ని పెళుసు చేస్తున్నది; పుట తిప్పితే అంచు రాలిపోతుంది. వీటిని స్కాన్ చేయడం అత్యవసరమే గాని, ఒక సంపుటిని మొత్తం ఒకే ఫైలుగా స్కాన్ చేసి పెడితే సగం పనే అయినట్లు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు ప్రారంభించిన భారతి వంటి మాసపత్రికలో ఏ నెలలో ఎవరు ఏ విషయం మీద రాశారో వ్యాసాల వారీగా సూచిక ఉంటే తప్ప పరిశోధకుని కాలం ఆదా కాదు.

ఈ పనులన్నిటికీ కావలసింది చదువుకున్న సిబ్బంది. ఖాళీ పోస్టులు నింపకుండా, తాత్కాలిక ఉద్యోగులతో నెట్టుకువస్తూ యంత్రాలు కొన్న గ్రంథాలయంలో, నిర్వహణ ఒప్పందం ముగిసిన రోజున ఆ యంత్రాలు మూలపడతాయి. ఉమ్మడి చందా వల్ల ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు పత్రికల మీద ఖర్చు తగ్గిన మేరకు ఆ మొత్తాన్ని గ్రంథాలయాల నుంచి వెనక్కి తీసుకోకుండా, తెలుగు పుస్తకాల సూచీకరణకు, శిథిలమవుతున్న పత్రికల పరిరక్షణకు, ఆ పని తెలిసినవారి నియామకానికి కేటాయించాలని విశ్వవిద్యాలయాల పాలక మండళ్లు, రెండు రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయం తీసుకోవాలి. విదేశీ పత్రికలను డబ్బిచ్చి ఎప్పుడైనా కొనవచ్చు. తెలుగు పుస్తకాల సూచికను మాత్రం తెలుగు విశ్వవిద్యాలయాలే తయారుచేయాలి.