ల్యాప్‌టాప్‌కు ఇంకో ఫ్యాను పెట్టొచ్చా?



ఇప్పుడు చాలా ఇళ్లలో ల్యాప్‌టాప్ కనిపిస్తోంది. ల్యాప్‌టాప్ అంటే మడతపెట్టే కంప్యూటర్. బిడ్డ చదువు కోసం కొందరు సంఘంలో అప్పు తీసుకుని మరీ కొంటున్నారు. అది పాడైతే చదువు ఆగుతుంది. అప్పు కిస్తీ మాత్రం ఆగదు. అందుకే దాని సంగతి తల్లికి కూడా తెలియాలి.

ఎందుకు వేడెక్కుతుంది?

ల్యాప్‌టాప్ లోపల లెక్కలు చేసే చిన్న బిళ్ల ఉంటుంది. దాన్ని చిప్ అంటారు. వేడి అక్కడే ఎక్కువ పుడుతుంది. దగ్గరలోనే ఒక చిన్న ఫ్యాను ఉంటుంది. అది బయటి గాలిని లోపలికి పీల్చి, వేడిగాలిని సందుల్లోంచి బయటికి తోస్తుంది.

గాలి ఆడకపోతే పని నెమ్మదిస్తుంది. వేడి ఇంకా పెరిగితే ల్యాప్‌టాప్ తనంతట తానే ఆగిపోతుంది. అది కాలిపోకుండా చేసిన ఏర్పాటు.

మన దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. తాండూరులో నాపరాతి గనులున్నాయి. బండలు కోసే మిషన్లున్నాయి. సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. దుమ్ము లేస్తుంది. అది సందుల్లో చేరి గొంగడి కప్పినట్టు పేరుకుంటుంది. అటు వికారాబాదులోనైనా, ఇటు తాండూరులోనైనా ఎండాకాలం గాలే వేడిగా ఉంటుంది. ఫ్యాను ఆ గాలినే విసరాలి కదా!

లోపల ఇంకో ఫ్యాను పెడితే?

"లోపల ఇంకోటి పెట్టించుకుందాం" అని కొందరు అంటారు. కానీ లోపల చోటు ఉండదు. అసలు చిక్కు కరెంటుతో వస్తుంది.

ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే నల్లాలో నీళ్లు అంత జోరుగా వస్తాయి. కరెంటుకు కూడా అలాంటి జోరు ఉంది. దాన్ని వోల్టులలో కొలుస్తారు. ఇంటి కరెంటు 230 వోల్టులు. చాలా ల్యాప్‌టాప్ చార్జర్లు దాన్ని 19 లేదా 20 వోల్టులకు తగ్గిస్తాయి. ల్యాప్‌టాప్ పక్కన ఉండే యూఎస్‌బీ రంధ్రంలో 5 వోల్టులు వస్తాయి.

5 వోల్టుల ఫ్యానును 19 వోల్టుల తీగకు కలిపితే కాలిపోతుంది. 12 వోల్టుల ఫ్యానుకు 5 వోల్టులిస్తే సరిగా తిరగదు. లోపలి ఫ్యాను తీగకే ఇంకో ఫ్యాను కలిపితే బోర్డు చెడిపోవచ్చు. తీగ ఊడి బ్యాటరీకి తగిలితే నిప్పు పుట్టవచ్చు.

మరి ఏం చేయాలి?

ముందు దుమ్ము తీయించండి. చాలాసార్లు దానితోనే వేడి తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే కింద పెట్టే ఫ్యాన్ల పీట కొనండి. దుకాణంలో "కూలింగ్ ప్యాడ్" అని అడగండి. దాని తీగను యూఎస్‌బీ రంధ్రంలో పెడితే చాలు. ల్యాప్‌టాప్ విప్పే పనే లేదు.

కొనే ముందు దాని మీద రాసింది చదవండి. 5 అంకె, పక్కన ఇంగ్లీషు 'వి' అక్షరం ఉండాలి. అంటే 5 వోల్టులు అని అర్థం.

గుర్తుంచుకోండి

1. ల్యాప్‌టాప్‌ను బొంత మీద, పరుపు మీద పెట్టొద్దు. అడుగు సందులు మూసుకుపోతాయి. తుడిచిన బండ మీద గానీ, బల్ల మీద గానీ పెట్టండి.
2. ఇల్లు ఊడ్చేటప్పుడు, కందులు చెరిగేటప్పుడు ల్యాప్‌టాప్ ఆపి, గుడ్డ కప్పండి.
3. చల్లబడుతుందని తడిగుడ్డ వేయొద్దు.
4. దుమ్ము తీసే ముందు ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసేయాలి.

లెక్క చేయండి

పాత రకం యూఎస్‌బీ రంధ్రం రెండున్నర వాట్ల కరెంటు ఇస్తుంది. పీటలో ఒక్కో ఫ్యానుకు 1 వాటు కావాలి. రెండు ఫ్యాన్లున్న పీట తిరుగుతుందా? మూడు ఫ్యాన్లుంటే సరిపోతుందా? మీ బిడ్డతో కలిసి చెప్పండి.