వయ్యారిభామయు, ముదురుచున్న ఎండలును, రైతు చర్మమును

ఎండలు ముదురుచున్నవి, వానలు వేళ తప్పుచున్నవి అను మాట నేడు ప్రతి రచ్చబండయొద్దను వినబడుచున్నది. దీనివలన పైరునకు గలుగు నష్టము రైతు సోదరు లెఱిగినదే. కాని ఈ మార్పు రైతు చర్మమును గూడ బాధించుచున్నదని తెలిసినవారు కొలదిమందియే. కావున ఎగ్జిమాను గుఱించి, అందును ముఖ్యముగా వయ్యారిభామ కలుపువలన గలుగు ఎగ్జిమాను గుఱించి, సభ్యులకు మనవి చేయుచున్నాము.

ఎగ్జిమా యనగా చర్మము ఎఱ్ఱబడి, వాచి, దుఱదపెట్టి, నీరు కారి, ఏండ్లు గడచినకొలది ఏనుగుతోలువలె మందమగు వ్యాధి. ఇది తామర కాదు, గజ్జియు కాదు. తామర బూజుజాతి సూక్ష్మజీవులవలనను, గజ్జి కంటికానని పురుగువలనను గలుగును. ఆ రెండును ఒకరినుండి యొకరికి అంటుకొనును. ఎగ్జిమా అంటదు. కాబట్టి అట్టి రోగిని పంక్తినుండి లేపుటయు, కూలికి పిలువకుండుటయు అన్యాయము.

వయ్యారిభామనే కొందఱు కాంగ్రెసు గడ్డి యందురు. అమెరికా ఖండమునకు జెందిన ఈ మొక్క 1955 ప్రాంతమున పూనాలో కనబడి, పిమ్మట దేశమంతట వ్యాపించినది. దీని ఆకులయొక్కయు కాడలయొక్కయు నూగులోను, పువ్వులలోను పార్థెనిన్ అను విషపదార్థము గలదు. మొక్క ఎండి పొడియై గాలిలో ఎగిరినను దాని గుణము పోదు. తొలిసారి తగిలినప్పుడు ఏమియు గాదు. తగులగా తగులగా కొందఱి యొడలు దానిపై పగబూనును; అటుపిమ్మట రవంత ధూళియే చాలును. కనురెప్పలు, చెవుల వెనుకభాగము, మెడ, మోచేతి మడతలు ముందుగా చెడును. మొదట వేసవిలోను వానకాలములోను హెచ్చి, చలికాలమున తగ్గును. ఉపేక్షించినచో ఏడాది పొడవునను నిలిచిపోవును. కొందఱికి ఎండయే గిట్టకుండ బోవును.

మాఱుచున్న వాతావరణము ఈ వ్యాధికి మూడువిధముల తోడ్పడుచున్నది.

మొదటిది బొగ్గుపులుసు గాలి. 1958లో హవాయి దీవిలో దీనిని కొలుచుట మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో ఇది సుమారు 315 పాళ్లుండెను. నేడు 420 దాటినది. మొక్కకిది ఆహారము. ఇది హెచ్చినకొలది వయ్యారిభామ ఏపుగా పెరుగుటయేగాక, విరివిగా వ్యాపించు ఒక రకములో పార్థెనిన్ గూడ హెచ్చుచున్నదని 2021లో పరిశోధకులు ప్రకటించిరి.

రెండవది అకాలవర్షము. తడి దొరికిన ప్రతిమాఱు ఈ మొక్క మొలిచి, కొలదివారములలోనే పూయును. ఒక్క మొక్కయే పదివేలకు మించి గింజలను రాల్చగలదు.

మూడవది వేడిమి. 1901 మొదలు 2018 వఱకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీ పెరిగినది. వేడికి చెమట, చెమటకు దుఱద, దుఱదకు గోకుడు. గోకిన చర్మమునకు రక్షణ తొలగి, ధూళి సులభముగా లోపలికి జొచ్చును. పొడిగాలులు చర్మమును ఎండగట్టుటచే పసిపిల్లల ఎగ్జిమా గూడ ముదురును.

దీనిని చిన్నబాధ యని త్రోసివేయరాదు. రాత్రి నిద్రలేక, పగలు ఎండలో నిలువలేక, కోతలనాడు కూలి పోగొట్టుకొనువాని దుఃఖము వానికే తెలియును. పొలము ఛాయలకు పోవలదని వైద్యుడు చెప్పినచో, భూమియే ఆధారమైనవాడు ఎక్కడికి పోగలడు?

దుఱద పుట్టినంతనే అంగడికేగి తామర మందని చెప్పి గొట్టము కొని పూసికొనుట మనలో పెక్కుమందికి అలవాటు. అట్టివానిలో చాలవఱకు స్టిరాయిడు కలిసియుండును. రెండునాళ్లు హాయిగా నుండును. వ్యాధి తామరయే యైనచో లోలోపల ప్రాకి ముదురును. ఎగ్జిమాయైనను, వైద్యుని సలహాలేక నెలలతరబడి పూసినచో చర్మము పలుచనై చిట్లును. ఏది తామరయో, ఏది ఎగ్జిమాయో సర్కారు ఆసుపత్రిలో చూపించుకొని తెలిసికొనుట మేలు. ఆకుపసరులు పూయుట గూడ మానవలెను.

కలుపుతీతకు పోవునప్పుడు నిండుచేతుల నూలుచొక్కా, చేతితొడుగులు, ముక్కునకును మెడకును గుడ్డ ఉండవలెను. ఇంటికి రాగానే స్నానముచేసి బట్టలు మార్చి, ఒడలు తడిగా నుండగనే కొబ్బరినూనె రాచికొనవలెను. ఇదివఱకే వ్యాధి సోకినవారు ఈ కలుపును ముట్టరాదు. ఆ పని ఇతరులు చేయవలెను.

వానపడి నేల మెత్తనైనప్పుడు, పూత రాకమునుపే, మొక్కను వేరుతో పెఱికి గుంటలో వేసి పేడతోను మట్టితోను కప్పినచో మంచి ఎరువగును. పూచిన మొక్కను ఎరువుగుంటలో వేయరాదు. ఎండిన దానిని తగులబెట్టుటయు మంచిదికాదు. బంజరులలో తగిరిస విత్తనములు చల్లినచో అది యీ కలుపును అణచును. మెక్సికోనుండి తెచ్చి 1984లో బెంగుళూరులో విడిచిన పెంకుపురుగు వానకాలమున దీని ఆకులను తినును, దానిని చంపకుడు.

అయినను ఒక్క రైతు తన గట్టును శుభ్రపఱచుకొన్నంతమాత్రమున ప్రయోజనము లేదు. పొరుగుగట్టునుండియు, చెఱువుకట్టనుండియు, బాటప్రక్కలనుండియు గింజలు వచ్చి పడుచునే యుండును. అప్పు విషయమునను, విత్తుల విషయమునను ఏకమైన మనము ఈ కలుపు విషయమున వేఱువేఱుగా నుండుట తగదు. ఏటేట ఆగస్టు 16 మొదలు 22 వఱకు వయ్యారిభామ నిర్మూలన వారము జరుపబడుచున్నది. మన సంఘములు అంతవఱకును వేచియుండక, తొలకరి పడిన వెంటనే ఇంటికొక మనిషి చొప్పున బయలుదేరి, ముందుగా బడిచుట్టును, బావులయొద్దను, పిమ్మట పొలముగట్లపైనను ఈ మొక్క పూతకు రాకుండ చేయవలెనని మా ప్రార్థన.