ఉప్పు తగ్గితే నీరు మునగదు

1893 ఆగస్టులో నార్వే అన్వేషకుడు నాన్సెన్ ‘ఫ్రామ్’ ఓడలో సైబీరియా ఉత్తర తీరం వెంట వెళ్తున్నాడు. ఉన్నట్టుండి ఓడ మొరాయించింది. ఇంజన్ శక్తికొద్దీ తిరుగుతున్నా ముందుకు కదలడం గగనమైంది. నాన్సెన్‌కు ఒక తేడా కనిపించింది. పైనుంచి తోడిన నీరు తాగొచ్చు; ఓడ అడుగు తూములోంచి వచ్చే నీరు మాత్రం బాయిలర్‌లో పోయలేనంత ఉప్పన. దీని గుట్టు విప్పింది స్వీడన్ శాస్త్రవేత్త ఎక్‌మన్. తొట్టెలో చిన్న పడవలు లాగి ప్రయోగాలు చేసి, 1904లో ఫలితాలు ప్రచురించాడు. పైన పలచగా తేలిక నీరు, కింద బరువైన ఉప్పునీరు ఉన్నప్పుడు, ఓడ బలమంతా ఆ రెండు పొరల నడుమ కంటికి కనిపించని అలలు లేపడానికే ఖర్చయిపోతుంది.

నాన్సెన్‌ను ఆపిన పొర నదులదీ, కరిగిన సముద్రపు మంచుదీ. ఇప్పుడు ధ్రువ సముద్రాల మీదికి మరో నీరు ఏటా ఎక్కువగా చేరుతోంది. అది నేల మీద వేల ఏళ్లుగా పేరుకున్న హిమానీనదాల నీరు. ఒక్క గ్రీన్‌లాండే 2002 నుంచి ఏటా సగటున దాదాపు 27,000 కోట్ల టన్నుల మంచు పోగొట్టుకుంటోందని గురుత్వాకర్షణను కొలిచే ఉపగ్రహాలు లెక్క తేల్చాయి. మన లెక్కలో చెప్పాలంటే 9,500 టీఎంసీలు. 312 టీఎంసీల నాగార్జునసాగర్‌ను ముప్పై సార్లు నింపొచ్చు. అంటార్కిటికా వాటా ఇందులో సగానికి కాస్త ఎక్కువ.

అయినా ప్రపంచ సముద్రాల సగటు ఉప్పదనం దీనికి చలించదు. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. 133 కోట్ల ఘన కిలోమీటర్ల నీటిలో ఏటా 270 ఘన కిలోమీటర్లు కలిస్తే ఆ అంకె కదలదు. ‘సముద్రంలో ఇదెంత’ అనేవాళ్ల వాదన ఇక్కడే ఆగిపోతుంది. కానీ ఆ నీరు వచ్చీరాగానే సముద్రమంతటా కలిసిపోదు. తేలికగా ఉంటుంది కాబట్టి పైపొరలోనే పరుచుకుంటుంది.

చల్లటి నీరు బరువు, వేడి నీరు తేలిక అని బడిలో చదువుకున్నాం. ధ్రువాల దగ్గర ఆ సూత్రం బలం తగ్గిపోతుంది. 30 డిగ్రీల దగ్గరున్న ఉష్ణమండల సముద్రంలో కిలోకు ఒక గ్రాము ఉప్పు తగ్గితే, నీరు రెండు డిగ్రీలకు కొంచెం పైగా వేడెక్కినంత తేలికవుతుంది. సున్నా డిగ్రీల దగ్గర అదే ఒక గ్రాము, ఎనిమిది డిగ్రీల వేడికి సమానం. అంటే అక్కడ ఏ నీరు పైన ఉండాలో, ఏది మునగాలో తేల్చేది చలి కన్నా ఎక్కువగా ఉప్పే. గడ్డకట్టేంత చల్లని నీరు పైన ఉండి, దానికన్నా వెచ్చని నీరు కింద దాక్కోవడం ఆర్కిటిక్‌లో మామూలు విషయం. ఉప్పు తక్కువ నీరు వెచ్చని నీటి మీద మూత వేసినట్టే. నీటిలో ఉప్పు చిక్కబడడానికీ ఒక దారి ఉంది. సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పును చాలావరకు బయటికి తోసేస్తుంది. ఆ చిక్కటి ఉప్పునీరు బరువెక్కి కిందికి జారుతుంది.

ఈ మునక ఆగితే ఏమవుతుంది? ఉష్ణమండలం నుంచి ఉత్తరానికి వచ్చిన అట్లాంటిక్ నీరు లాబ్రడార్, గ్రీన్‌లాండ్ సముద్రాల దగ్గర చల్లబడి, మునిగి, లోతుల్లో దక్షిణానికి మళ్లుతుంది. పశ్చిమ ఐరోపా తన అక్షాంశానికి మించి వెచ్చగా ఉండడంలో ఈ ప్రవాహానికీ భాగముంది. 1960ల చివర్లో ఆర్కిటిక్ నుంచి మామూలుకన్నా ఎక్కువ మంచు, మంచినీరు బయటికి వచ్చాయి. అప్పుడు లాబ్రడార్ సముద్రంలో శీతాకాలపు లోతైన మునక కొన్నేళ్లపాటు దాదాపు నిలిచిపోయింది. ఆ పలచటి నీటి తెర ఉత్తర అట్లాంటిక్ చుట్టూ పదేళ్లకు పైగా తిరిగింది. అది హిమానీనదాల పని కాదు గానీ, ఏం జరగగలదో చూపించింది.

దక్షిణాన, అంటార్కిటికా చుట్టూ, కథ ఇంకా చిక్కుగా ఉంటుంది. అముండ్సెన్ సముద్రంలో థ్వెయిట్స్, పైన్ ఐలాండ్ హిమానీనదాలను లోతుల్లోంచి వచ్చే వెచ్చని నీరు అడుగునుంచి కొరుకుతోంది. ఆ కరుగునీరు ప్రవాహాలతో పడమటికి కొట్టుకుపోయి రాస్ సముద్రం చేరుతుంది. ఇరవయ్యో శతాబ్దపు రెండో భాగమంతా రాస్ సముద్రంలో ఉప్పు తగ్గుతూ వచ్చింది. ప్రపంచ సముద్రాల అట్టడుగు నీరు పుట్టే చోట్లలో అదొకటి. పైపొర తేలికైతే కింది వేడి పైకి రాలేక అక్కడే పోగవుతుంది. పోగైన వేడి మంచును మరింత కొరుకుతుంది. ఈ చక్రం పాఠ్యపుస్తకంలో చక్కగా కనిపిస్తుంది. సముద్రం మాత్రం పుస్తకం చదవలేదు. 2014 తర్వాత రాస్ సముద్రంలో ఉప్పు మళ్లీ పెరిగింది. దక్షిణ మహాసముద్రపు పైపొర కూడా 2015 నుంచి ఉప్పెక్కుతోందని ఉపగ్రహాలు చూపుతున్నాయి. కరుగునీరు ఆగలేదు గానీ, గాలులు, సముద్రపు మంచు, లోతునుంచి ఎగదన్నే నీరు కలిసి దాని జాడను కప్పేస్తున్నాయి. ఒక్క కారణంతో అన్నీ వివరించే వార్తను నమ్మేముందు ఈ ఉదాహరణ గుర్తుంచుకోవచ్చు.

కొండల నడుమకు చొచ్చుకొచ్చిన ఇరుకు సముద్రపు పాయలైన ఫియర్డుల్లో జీవులకు ఈ కరుగునీరు నేరుగా తగిలే సంగతి. సముద్రంలోకి దిగిన హిమానీనదం అడుగునుంచి పొంగే మంచినీరు, లోతునున్న పోషకాలను వెంటబెట్టుకుని పైకి వస్తుంది. దాని చుట్టూ పక్షులు మూగుతాయి. హిమానీనదం వెనక్కి తగ్గి నేల మీదికి చేరితే ఆ పొంగు ఉండదు. బురదనీరు పైపైన పారి, ఎండను అడ్డుకుని, నాచు పెరుగుదలను తగ్గిస్తుంది. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని కాంగ్స్‌ఫియర్డ్ ఒడ్డున మన దేశపు ‘హిమాద్రి’ పరిశోధన కేంద్రం 2008 నుంచి పనిచేస్తోంది. 2014 జులైలో ఆ ఫియర్డ్‌లోనే మన శాస్త్రవేత్తలు నీటి అడుగున పరికరాల వరస దించి, వేడిమినీ ఉప్పునూ కొలవడం మొదలుపెట్టారు.

ఇక అట్లాంటిక్ ప్రవాహం మాట. ఈ శతాబ్దంలో అది బలహీనపడే అవకాశం చాలా ఎక్కువనీ, 2100లోపు హఠాత్తుగా కుప్పకూలదని మధ్యస్థ విశ్వాసంతో చెప్పగలమనీ ఐక్యరాజ్యసమితి వాతావరణ మండలి ఐపీసీసీ 2021లో తేల్చింది. ఆ అంచనాకు ఆధారమైన వాతావరణ నమూనాల్లో చాలావాటిలో గ్రీన్‌లాండ్ మంచుఫలకం కరుగునీటి లెక్క సరిగా చేరలేదు.