ఖరగ్‌పూర్ గేటుకు రెండు వైపులా

ప్రతి జూలైలో సికింద్రాబాద్, విజయవాడ, విశాఖల మీదుగా హౌరా వైపు వెళ్లే రైళ్లలో కొన్ని కుటుంబాలను చూడగానే పోల్చుకోవచ్చు. సీటు కింద కొత్త సూట్‌కేసు, పైన బకెట్, సంచిలో ఆవకాయ డబ్బా. మధ్యలో ఫోన్ చూసుకుంటూ పద్దెనిమిదేళ్ల కుర్రాడో అమ్మాయో. వీళ్లు హౌరా దాకా వెళ్లరు. దానికి 115 కిలోమీటర్లు ముందే ఖరగ్‌పూర్‌లో దిగుతారు. ఐఐటీలో సీటు ఎలా సంపాదించాలో ఈ పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పినవాళ్లు ఉన్నారు. ఆ ఊళ్లో ఎలా ఉండాలో చెప్పినవాళ్లు తక్కువ.

ముందు ఊరి సంగతి. ఖరగ్‌పూర్‌లో నిజానికి రెండు ఊళ్లున్నాయి. ఒకటి రైల్వే కట్టింది. రెండోది ఐఐటీ కట్టుకుంది. రెంటికీ మధ్య దూరం ఐదారు కిలోమీటర్లే. అయినా ఒకదానిలో నాలుగేళ్లు ఉండి రెండోదాన్ని సరిగా చూడకుండానే వెళ్లిపోవచ్చు. చాలామంది అలాగే వెళ్లిపోతారు. ఎందుకలా జరుగుతుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

రైల్వే ఊరు పాతది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (ఇప్పటి ఆగ్నేయ రైల్వేకు పూర్వరూపమైన కంపెనీ) 19వ శతాబ్దం చివర్లో ఇక్కడ జంక్షన్ కట్టింది. తర్వాత పెద్ద వర్క్‌షాపు పెట్టింది. పనివాళ్లు కావలసివచ్చారు. ఈ కంపెనీ లైను దక్షిణాన వాల్తేరు దాకా ఉండేది. అంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో బండెక్కినవాడు బండి మారకుండా ఖరగ్‌పూర్‌లో దిగి పనిలో చేరవచ్చు. అలా వచ్చినవాళ్లు కుటుంబాలను తెచ్చుకున్నారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. 1920ల చివర్లో ఈ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించినవాళ్లలో ఒకరు వి.వి. గిరి, తర్వాతి కాలంలో రాష్ట్రపతి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపినప్పుడు అందరికీ గుర్తొచ్చిన ఊరు కూడా ఇదే.

రెండో ఊరి కథ వేరు. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం ఊరి పక్కన హిజ్లీలో నిర్బంధ శిబిరం (విచారణ లేకుండా రాజకీయ ఖైదీలను ఉంచే జైలు) తెరిచింది. 1931 సెప్టెంబరు 16న అక్కడ నిరాయుధ ఖైదీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో మొదటి ఐఐటీకి చోటు వెతికినప్పుడు ఖాళీగా ఉన్న ఆ భవనమే దొరికింది. 1951 ఆగస్టులో 224 మంది విద్యార్థులతో, 42 మంది అధ్యాపకులతో తరగతులు మొదలయ్యాయి. ఆ భవనం ఇప్పటికీ ఉంది. అందులో మ్యూజియం ఉంది. మొదటి నెలలోనే ఒకసారి చూసి రావడం మంచిది. తర్వాత తీరిక దొరకదు.

చుట్టూ ఏమీ లేని చోట పెద్ద చదువుల సంస్థ పెట్టినప్పుడు, అవసరమైనవన్నీ లోపలే పెట్టుకోక తప్పదు. సుమారు 2,100 ఎకరాల్లో తరగతి గదులతో పాటు అధ్యాపకుల ఇళ్లు, బడి, ఆసుపత్రి, బ్యాంకు, పోస్టాఫీసు, అంగళ్లు వచ్చాయి. హాస్టళ్లను ఇక్కడ ‘హాల్’ అంటారు. ప్రతి హాల్‌కూ సొంత మెస్ ఉంది. సబ్బు నుంచి జ్వరం మాత్ర దాకా గేటు లోపలే దొరుకుతుంది. బయటికి వెళ్లాల్సిన పనే పడదు. పని పడని చోటికి మనిషి వెళ్లడు. ఈ సౌకర్యం వల్లే కొత్త విద్యార్థి త్వరగా సర్దుకున్నట్టు కనిపిస్తాడు. నిజానికి సర్దుకునేది ఒక ప్రాంగణానికి. ఊరికి కాదు.

ఈ తేడా మొదట్లో ఇబ్బంది పెట్టదు. మొదట్లో ఇబ్బంది పెట్టేది సైకిలు. లోపల దూరాలు ఎక్కువ. హాల్ నుంచి తరగతికి నడిస్తే మొదటి గంట దాటిపోతుంది. అందుకని అందరికీ సైకిలు కావాలి. చదువు ముగించినవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో వెళ్లిపోతారు. వాళ్లకు సైకిలు వదిలించుకోవాలి. కొత్తవాళ్లు జూలైలో వస్తారు. వాళ్లకు వెంటనే కావాలి. ఈ రెండు నెలల ఎడంలోనే పాత సైకిలు ధర మారిపోతుంది. కొనేముందు సీనియర్‌ను ఒకరిని వెంటబెట్టుకుపోవాలి. బ్రేకులు, చెయిన్, టైర్లు చూడాలి. మంచి తాళం అదే రోజు కొనాలి.

తిండి గురించి ఇళ్లలో దిగులు ఎక్కువ. అంత అవసరం లేదు. మెస్‌లో అన్నం ఉంటుంది, పప్పు ఉంటుంది. అన్నం చాలాసార్లు ఉప్పుడు బియ్యంది. పొడిపొడిగా, కొంచెం లావుగా ఉంటుంది. ఆవనూనె వాసన మొదట ఘాటుగా తగులుతుంది. కొన్నాళ్లకు అలవాటవుతుంది. కొందరికి ఇష్టమూ అవుతుంది.

అసలు కష్టం నా ఉద్దేశంలో గడియారం దగ్గర ఉంది. దాన్ని కొంచెం వివరంగా చూడాలి.

మన రెండు రాష్ట్రాల నుంచి వెళ్లే పిల్లల్లో చాలామంది రెండేళ్లు కార్పొరేట్ జూనియర్ కాలేజీ హాస్టల్లో గడిపినవాళ్లు. అక్కడ తెల్లవారుజామున ఒకరు లేపుతారు. స్టడీ అవర్స్‌లో ఒకరు వెనక నిలబడతారు. వారాంతంలో పరీక్ష, వెంటనే మార్కులు, ఆ వెంటనే సెక్షన్ మార్పు. ఎప్పుడు ఏ లెక్క చెయ్యాలో కూడా కాగితం మీద రాసి ఉంటుంది. ఈ పద్ధతి మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ వద్దు. అది ఏం నేర్పుతుంది, ఏం నేర్పదు అన్నదే మనకు కావలసింది. ఎక్కువసేపు కూర్చుని చదవడం అది నేర్పుతుంది. ఎప్పుడు కూర్చోవాలో తానే నిర్ణయించుకోవడం నేర్పదు. ఆ నిర్ణయం ఎప్పుడూ వేరేవాళ్లు చేస్తూ వచ్చారు.

ఖరగ్‌పూర్‌లో ఆ వేరేవాళ్లు ఒక్కసారిగా మాయమవుతారు. లేపేవాళ్లు లేరు. రాత్రి రెండింటికి కూడా హాల్ మేలుకునే ఉంటుంది. క్లబ్బులు, హాల్ పోటీలు, నాటకాలు, రోబోలు పిలుస్తుంటాయి. ఆగస్టులో ఏ తప్పూ బయటపడదు. పాఠాల్లో కొంత ఇంటర్‌లో చూసినట్టే ఉంటుంది కాబట్టి ధీమాగానే ఉంటుంది. మిడ్ సెమిస్టర్ పరీక్షలు సెప్టెంబరులో వస్తాయి. అప్పటికి తెలియని పాఠాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. వారం వారం పరీక్ష ఉన్నప్పుడు వెనకబాటు వారంలోనే తెలిసేది. ఇక్కడ రెండు నెలలకు గాని తెలియదు. తెలివి తగ్గలేదు. తప్పును చూపించే ఏర్పాటు దూరం జరిగింది, అంతే.

దీనికి ఇంకొకటి తోడవుతుంది. తరగతిలో అందరూ తమ తమ కాలేజీల్లో మొదటి వరసలో ఉన్నవాళ్లే. వాళ్లను మళ్లీ వరసలో నిలబెడితే సగం మంది సగం కిందకు రాక తప్పదు. ఇది లెక్క. ఎవరి లోపమూ కాదు. కాని మొదటిసారి కిందకు వచ్చినవాడికి అలా అనిపించదు. ఇంటికి చెప్పడు. ఫోన్ ఎత్తడం తగ్గిస్తాడు. తల్లిదండ్రులు గమనించాల్సిన మొదటి గుర్తు మార్కుల కన్నా ఇదే అనుకుంటాను.

మార్కుల లెక్క కూడా తెలుసుకుంటే భయం కొంత తగ్గుతుంది. ఇక్కడ సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల సగటు, పదికి) పద్ధతి. మొదటి సెమిస్టర్‌లో 6.5 వచ్చిందనుకుందాం. మిగిలిన ఏడింటిలో ఎనిమిదేసి తెచ్చుకుంటే, క్రెడిట్లు (ఒక్కో సబ్జెక్టుకు ఇచ్చే బరువు) సమానమనుకుంటే, చివరి సగటు 7.8 దాకా వస్తుంది. ఒక్క సెమిస్టర్ మునగడం వల్ల పడవ మునగదు. రెండు మూడు వరసగా పోతే మాత్రం సగటు కదలడం చాలా కష్టం. అందుకే సెప్టెంబరు ఫలితాలు చూశాక అధ్యాపకుల దగ్గరికి, ట్యుటోరియల్‌కు (చిన్న గుంపుగా సందేహాలు తీర్చుకునే తరగతి) వెళ్లడం మొదలుపెట్టాలి. మనసు బాగా కుంగితే క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ ఏ వేళైనా దొరుకుతుంది. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. సీనియర్లు వేధిస్తే ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522.

సీనియర్లంటే గుర్తొచ్చింది. తెలుగు సీనియర్లు మొదటి రోజే వెతుక్కుంటూ వస్తారు. వాళ్లను ‘అన్నా’, ‘అక్కా’ అంటే చాలు. ఏ ప్రొఫెసర్ ఎలా చెబుతారో, ఏ మెస్‌లో ఏ పూట బాగుంటుందో అన్నీ వాళ్లే చెబుతారు. మొదటి నెలకు ఇంతకన్నా మంచి ఆసరా లేదు. అయితే ఆ ఆసరాకు ఖర్చు కూడా ఉంది. పొద్దున తెలుగు, మధ్యాహ్నం తెలుగు, రాత్రి తెలుగు అయితే హిందీ రాదు. బెంగాలీ అసలే రాదు. ల్యాబ్‌లో జతగా పనిచేసేవాడు బిహార్ వాడో రాజస్థాన్ వాడో అయినప్పుడు మాట తడబడుతుంది. రూమ్మేట్ వేరే రాష్ట్రంవాడైతే మార్పించమని అడగకపోవడమే మేలు. భాష అవసరంలోంచి వచ్చినంత త్వరగా కోరికలోంచి రాదు.

పండుగల లెక్క కూడా ఇక్కడ మారిపోతుంది. మన దసరా, బెంగాల్ దుర్గాపూజ ఒకే రోజుల్లో వస్తాయి. కాబట్టి అక్టోబరు ప్రాంతంలో సెలవులు దొరుకుతాయి. ఇంటికి రావచ్చు. కాని ఆ రోజుల్లో సగం బెంగాల్ రైలెక్కుతుంది. 2024 నవంబరు 1 నుంచి రైలు టికెట్లు 60 రోజుల ముందు మాత్రమే తీసుకోవచ్చు. అంటే ఊరికి వచ్చిన కొద్ది వారాలకే, ఆగస్టులో, పూజ సెలవుల టికెట్ తీసుకోవాలి. ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్, కోరమాండల్ మూడూ ఇటు వచ్చేవే. దీపావళికి చాలా హాళ్లలో ఉండిపోవడమే బాగుంటుంది. హాళ్ల ముందు వెదురు చట్రాలు కట్టి, వాటి మీద వేల ప్రమిదలతో బొమ్మలు వెలిగించే పోటీ ఆ రోజే. దాన్ని ‘ఇల్లూ’ అంటారు. దాని కోసం మొదటి ఏడాది పిల్లలే వారాల తరబడి చాకిరీ చేస్తారు. సంక్రాంతికి మాత్రం ఆశ పెట్టుకోకూడదు. డిసెంబరు సెలవులు ముగిసి వసంత సెమిస్టర్ అప్పుడే మొదలై ఉంటుంది. గోదావరి జిల్లాల పిల్లలకు ఇది పెద్ద లోటే.

ఇక గేటు బయటికి. పూరీ గేట్ దగ్గర టోటో (బ్యాటరీతో నడిచే రిక్షా) ఎక్కి గోల్ బజార్ వెళ్లమంటే చాలామంది ఎందుకని అడుగుతారు. కొనాల్సింది ఫోన్‌లోనే దొరుకుతోంది కదా అంటారు. నిజమే. కాని బజారులో తెలుగు వినిపిస్తుంది. పొద్దున్నే ఇడ్లీ, దోసె దొరుకుతాయి. అక్కడివాళ్ల తెలుగులో శ్రీకాకుళం యాస ఉంటుంది. మధ్యమధ్య హిందీ, బెంగాలీ మాటలు పడుతుంటాయి. మూడు తరాల క్రితం వాళ్ల తాతలు ఇదే ఊళ్లో పరాయివాళ్లుగా దిగి, భాష నేర్చుకుని, ఇళ్లు కట్టుకుని, గుళ్లు కట్టుకున్నారు. ఆ ఇళ్ల పిల్లల్లో జేఈఈకి చదివేవాళ్లూ ఉంటారు. పాఠం చెప్పగలిగినవాడికి నెలకు రెండు ఆదివారాలు అక్కడ పని దొరుకుతుంది. డబ్బు సంగతి ఎలా ఉన్నా, గేటు దాటడానికి ఒక కారణం దొరుకుతుంది. పైన చెప్పుకున్నట్టు, కారణం లేనిదే మనిషి గేటు దాటడు.

చివరగా చట్టం సంగతి ఒకటి. పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థి హాస్టల్లో ఉంటూ అక్కడే ఓటరుగా నమోదు కావచ్చు. ఎన్నికల సంఘం నిబంధనలు ఒప్పుకుంటాయి. ఫారం 6తో పాటు సంస్థ ఇచ్చే ధ్రువీకరణ పెట్టాలి. జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1, ఈ నాలుగు తేదీల్లో దేనికి వయసు నిండినా దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే ఒక మనిషికి ఒకచోటే ఓటు. సొంతూరి జాబితాలో ఇప్పటికే పేరు ఉంటే అక్కడి నుంచి మార్పించుకోవాలి. అందుకు ఫారం 8 ఉంది. ఓటు సొంతూళ్లో ఉంచుకోవాలా, ఖరగ్‌పూర్‌కు తెచ్చుకోవాలా అన్నది తల్లిదండ్రులను అడగకుండా విద్యార్థి తానే తేల్చుకోవచ్చు.