ఫ్లాష్ లేకుండా పెళ్లి ఫొటోలు.. ముహూర్తం రాత్రి అయితే సాధ్యమేనా? ముందే చూసుకోవాల్సినవి ఇవే

పెళ్లి ఫొటోగ్రాఫర్‌ను బుక్ చేసేటప్పుడు ఈ మధ్య చాలామంది చెప్తున్న మాట ఒకటుంది. 'ఫ్లాష్ కొట్టొద్దండీ, నేచురల్‌గా రావాలి' అని. వినడానికి సింపుల్‌గానే ఉంటుంది. కానీ జీలకర్ర బెల్లం పెట్టే క్షణం రెండోసారి రాదు. ఆ టైమ్‌కి మండపంలో వెలుతురు బాగా లేకపోతే ఎంత ఖరీదైన కెమెరా ఉన్నా లాభం లేదు. ముఖాలు పర్పుల్ రంగులో వస్తాయి, లేదంటే ఫొటో షేక్ అవుతుంది. మరి ఫ్లాష్ లేకుండా పెళ్లి మొత్తం తీయొచ్చా? చాలావరకు తీయొచ్చు. కాకపోతే అందులో సగం పని ఫొటోగ్రాఫర్‌ది, మిగతా సగం పెళ్లివారిది, లైటింగ్ వాళ్లది.

అసలు ఫ్లాష్‌తో ఇబ్బంది ఏంటి?

కెమెరా మీద పెట్టిన ఫ్లాష్ ముఖాన్ని ఎదురుగా కొడుతుంది. నుదుటి మీద చెమట, మెడలో బంగారం తళుక్కుమంటాయి. ముఖంలో ఉండాల్సిన సహజమైన నీడలు పోయి ఫ్లాట్‌గా కనిపిస్తుంది. పైగా దూరం రెట్టింపు అయితే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ముందున్న పెళ్లికొడుకు తెల్లగా వెలిగిపోతుంటే, వెనక నిలబడ్డ అమ్మమ్మ చీకట్లో కలిసిపోతారు. ఇక కన్యాదానం దగ్గరో, అప్పగింతల దగ్గరో కన్నీళ్లు పెట్టుకుంటున్న వాళ్ల ముఖం మీద ఫ్లాష్ పడితే ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు.

అక్కడ ముందే ఉన్న వెలుతురుతోనే తీస్తే దాన్ని అవెయిలబుల్ లైట్ అంటారు. ఎండ, కిటికీ వెలుతురు మాత్రమే కాదు.. హాల్లో బల్బులు, దీపాలు, హోమం మంట కూడా ఇందులోకే వస్తాయి.

కెమెరాలో జరిగే లెక్క

మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటుంది. ఫంక్షన్ హాల్లో లైట్లన్నీ వేసినా చాలాచోట్ల కొన్ని వందల లక్స్ మించదు. మన కన్ను సర్దుకుంటుంది కాబట్టి ఆ తేడా తెలియదు. కెమెరాకు మాత్రం తెలుస్తుంది.

ఆ లోటును పూడ్చడానికి మూడు దారులున్నాయి. ఒకటి, లెన్స్‌ను ఎక్కువ తెరవడం. ఎఫ్/4 కంటే ఎఫ్/2 దగ్గర నాలుగు రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది. రెండు, షటర్ వేగం తగ్గించడం. మూడు, ఐఎస్‌ఓ పెంచడం. రాత్రిపూట మామూలు ఇంటి గదిలో ఎఫ్/2, సెకనులో 125వ వంతు షటర్, ఐఎస్‌ఓ 1600 అంటే దాదాపు సరిపోతుంది.

ప్రతి దారికీ ఒక ఖర్చుంది. లెన్స్ బాగా తెరిస్తే పెళ్లికూతురు షార్ప్‌గా ఉండి పక్కనున్న వాళ్లు మసకగా వస్తారు. ఐఎస్‌ఓ పెంచితే ఫొటోలో ఇసుక రాలినట్టు గ్రెయిన్ కనిపిస్తుంది. షటర్ తగ్గిస్తే కదిలే చేతులు చెరిగిపోతాయి. తలంబ్రాలు గాల్లో ఆగినట్టు కనిపించాలంటే కనీసం సెకనులో 500వ వంతు కావాలి. సగం చీకటి హాల్లో అది కష్టం. గ్రెయిన్ ఉన్న ఫొటోను తర్వాత ఎంతో కొంత సరిచేయొచ్చు. షేక్ అయిన ఫొటోను చేయలేం. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఐఎస్‌ఓ పెంచడానికి భయపడరు.

పగటి పెళ్లి: షామియానా రంగు కూడా ముఖ్యమే

తెలంగాణలో చాలా పెళ్లిళ్లు పగటిపూటే జరుగుతాయి. అలాంటి చోట వెలుతురుకు లోటుండదు. ఇబ్బంది అల్లా నడినెత్తిన ఉండే ఎండతోనే. కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి. పైన తెల్లటి గుడ్డ కట్టిన షామియానా ఉంటే ఎండ మెత్తబడి ముఖాల మీద సమానంగా పడుతుంది. అదే ఎర్ర, పసుపు పట్టీల షామియానా అయితే ఆ రంగు అందరి ముఖాలకూ అంటుకుంటుంది. తాటాకు పందిరి అందంగానే ఉంటుంది కానీ సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ముఖం మీద పడుతుంది. పందిరి మీద ఒక తెల్ల గుడ్డ పరిస్తే ఆ చుక్కలు పోతాయి.

తెల్ల గుడ్డ చేసే ఈ పని సినిమావాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. 1956లో వచ్చిన సత్యజిత్ రే 'అపరాజితో' కోసం బెనారస్ ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్ వేశారు. ఆకాశం నుంచి దిగే వెలుతురు కావాలని ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రా సెట్ పైన తెల్ల గుడ్డ కట్టి, లైట్లను దాని మీదకు కొట్టి కిందకు మళ్లించారు. మన పాత మండువా ఇళ్లలో పై నుంచి దిగే వెలుతురు సరిగ్గా అలాంటిదే. అలాంటి ఇల్లు బంధువుల్లో ఎవరికైనా ఉంటే పెళ్లికూతుర్ని చేసే కార్యక్రమం అక్కడే పెట్టుకోండి.

ఇంట్లో అలంకరణ ఫొటోలకు కిటికీ చాలు. పెళ్లికూతుర్ని కిటికీకి మూడు నాలుగు అడుగుల దూరంలో, కాస్త పక్కకు తిరిగి కూర్చోబెట్టండి. గదిలో ట్యూబ్‌లైట్ ఆపేయండి. పగటి వెలుతురు, ట్యూబ్‌లైట్ కలిస్తే ముఖం ఒకవైపు ఒక రంగు, రెండోవైపు ఇంకో రంగు వస్తుంది. మంగళస్నానాలు వాకిట్లో పెడితే ఎండలో కాకుండా ఇంటి నీడ పడే వైపు పీట వేయండి.

ఇంకో విషయం. మధుపర్కాలు తెల్లగా ఉంటాయి కదా. ఆటో మోడ్‌లో ఉన్న కెమెరా ఆ తెలుపును చూసి వెలుగు ఎక్కువైందనుకుని ఫొటోను డల్ చేస్తుంది. ముఖాలు నల్లబడతాయి. కొలత బట్టల మీద కాదు, ముఖం మీద తీసుకోవాలి. ఫోన్‌తో తీసేవాళ్లు స్క్రీన్ మీద ముఖాన్ని ట్యాప్ చేస్తే చాలావరకు సరిపోతుంది.

రాత్రి ముహూర్తం: అసలు పరీక్ష ఇక్కడే

కోస్తా జిల్లాల్లో రాత్రి, తెల్లవారుజాము ముహూర్తాలు ఎక్కువగా కనిపిస్తాయి. అప్పుడు ఉన్న వెలుతురంతా డెకరేషన్ వాళ్లు పెట్టిందే. ఆ లైట్లు ఎలా ఉండాలో చాలాసార్లు ఫొటోగ్రాఫర్‌ను ఎవరూ అడగరు. స్టేజ్ అందం కోసం పర్పుల్, బ్లూ ఎల్‌ఈడీలు వేస్తారు. పర్పుల్ ఎల్‌ఈడీ లైట్లో ఎరుపు, నీలం తప్ప ఆకుపచ్చ దాదాపు ఉండదు. చర్మం అసలు రంగు రావాలంటే మూడూ కావాలి. కెమెరాలో పడని రంగును ఎడిటింగ్‌లో తీసుకురాలేం. అలాంటి ఫొటోలకు చివరికి మిగిలే దారి బ్లాక్ అండ్ వైట్ చేయడమే. పసుపు తాడు పసుపుగా, కుంకుమ ఎర్రగా ఉండాల్సిన ఫొటో అలా అయిపోతే ఎవరికైనా బాధే.

రెండో సమస్య ఫ్లికర్. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. కంటికి తెలియదు. షటర్ వేగం పెంచితే ఫొటోలో అడ్డంగా నల్లటి పట్టీలు పడతాయి. సెకనులో 50 లేదా 100వ వంతు దగ్గర చాలావరకు తగ్గుతాయి. వీడియోవాళ్లు 25 ఫ్రేములకు 50వ వంతు షటర్ పెట్టుకోవడంలో ఈ లాభం కూడా ఉంది. కానీ ఎల్‌ఈడీ వాల్స్, కొన్ని స్టేజ్ లైట్లు వేరే లెక్కలో వెలుగుతాయి. చిన్న టెస్ట్ ఉంది. హాల్ చూడటానికి వెళ్లినప్పుడు లైట్లన్నీ వేయించి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. వెలుగు దడదడలాడుతూ కనిపిస్తే ఆ లైట్లతో ఇబ్బంది ఉన్నట్టే.

పరిష్కారం పెద్ద ఖర్చేం కాదు. ముహూర్తానికి ముందు లైటింగ్ అబ్బాయి దగ్గరకు వెళ్లి 'అన్నా, జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా రంగు లైట్లు ఆపెయ్, మండపం మీద వైట్ ఒక్కటే ఉంచు' అని చెప్పండి. ఆ వైట్ లైట్లు కూడా అన్నీ ఒకే రకం ఉండాలి. సగం వార్మ్, సగం కూల్ పెడితే మళ్లీ రెండు రంగులు. లైటు నేరుగా నెత్తి మీద నుంచి కాకుండా కాస్త ముందు నుంచి, పక్క నుంచి వస్తే కళ్లు కనిపిస్తాయి.

ముహూర్తం టైమ్‌కి అందరూ అక్షింతలు పట్టుకుని మండపం చుట్టూ మూగుతారు. వెలుతురు వచ్చే వైపే అడ్డంగా నిలబడితే వధూవరులు నీడలో పడిపోతారు. ఆ ఒక్క వైపు ఖాళీగా ఉంచమని బావగారికో, మేనమామకో ముందే అప్పజెప్పండి. అడ్డుతెర తెల్లగా ఉంటే ఇంకా మంచిది. దాని మీద పడ్డ వెలుగు తిరిగి ముఖాల మీదకే వస్తుంది.

హోమం దగ్గర మాత్రం ముఖాలు కాస్త నారింజ రంగులోనే ఉండనివ్వండి. మంట వెలుగు 2 వేల కెల్విన్ దగ్గర ఉంటుంది, పగటి వెలుతురు 5,500 దగ్గర. మంట రంగును పూర్తిగా తీసేస్తే అది హోమంలా అనిపించదు.

ఫ్లాష్ ఎక్కడ వాడాలి?

అన్నిచోట్లా ఫ్లాష్ వద్దనుకోవడం కూడా సరికాదు. రాత్రి స్టేజ్ మీద ఇరవై మంది గ్రూప్ ఫొటో అంటే అందరూ షార్ప్‌గా రావడానికి లెన్స్ మూయాలి, అంటే వెలుగు ఎక్కువ కావాలి. అక్కడ ఫ్లాష్‌ను సీలింగ్‌కో, గొడుగుకో కొట్టించి మెత్తగా వాడితే నష్టం లేదు. ఆ ఫొటోలో మూడో వరుసలో నిలబడ్డ తాతగారి ముఖం స్పష్టంగా ఉండటమే ముఖ్యం. ఫోన్లలో నైట్ మోడ్ కూడా ఇలాంటి చోట నమ్మలేం. అది చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది కాబట్టి కదిలే మనుషులు చెరిగిపోతారు.

బుకింగ్‌కు ముందు ఇవి అడగండి

- రాత్రి ముహూర్తానికి ఫ్లాష్ లేకుండా తీసిన ఒక పెళ్లి ఫొటోలు మొత్తం చూపించమనండి. ఏరి పెట్టిన పది ఫొటోలు చూసి డిసైడ్ కావొద్దు.
- ఎఫ్/1.8 లేదా ఎఫ్/2 లెన్సులు ఉన్నాయా అని అడగండి.
- ఫొటోగ్రాఫర్, వీడియోగ్రాఫర్, డెకరేషన్ వాళ్లను ఒక్కసారైనా ఫోన్‌లో మాట్లాడుకోమనండి.
- వీడియోవాళ్ల ఫోకస్ లైటు ముహూర్తం టైమ్‌లో వేస్తారో లేదో తేల్చుకోండి. అది వేస్తే ఫొటోల్లో కూడా ఆ వెలుగే ఉంటుంది.
- తెల్లవారుజాము ముహూర్తమైతే అప్పగింతలు తెల్లారాక పెట్టుకునే వీలుందా అని పురోహితుడిని అడగండి. ఎండ రాకముందు ఆరుబయట ఉండే వెలుతురు ముఖాలకు చాలా బాగుంటుంది.

ఇవన్నీ పెళ్లికి వారం ముందే మాట్లాడుకోవాలి. పీటల మీద కూర్చున్నాక లైట్ల గురించి చెప్పినా వినే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.