డిస్క్రెపెన్సీ అంటే నింద కాదు

అమెరికా వచ్చిన కొత్తలో ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నా పాస్‌పోర్టులో పేరుకీ, డిగ్రీ సర్టిఫికెట్‌లో పేరుకీ మధ్య 'డిస్క్రెపెన్సీ' ఉందట. దొంగ సర్టిఫికెట్ అంటున్నారేమోనని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నిజానికి ఆ మాటలో నింద లేదు. లాటిన్‌లో దాని మూలానికి 'వేరుగా మోగడం' అని అర్థం. మన అపశ్రుతి లాంటిదన్నమాట. ఒకేలా ఉండాల్సిన రెండు వివరాలకు పొంతన కుదరకపోతే అది డిస్క్రెపెన్సీ. ఏది తప్పో ఆ మాట చెప్పదు. 'కాంట్రడిక్షన్' అలా కాదు. అక్కడ ఒకటి నిజమైతే రెండోది నిజం కాలేదు.

నా విషయంలో రెండూ నిజమే. సర్టిఫికెట్‌లో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. మన పేర్ల పద్ధతి వివరిస్తూ నాలుగు ముక్కలు రాసి పంపాను, సరిపోయింది.

ఇక వాడుక సంగతి. రెండు కాగితాల మధ్య తేడా అయితే 'బిట్వీన్', ఒకే లెక్కలో అయితే 'ఇన్' చేర్చాలి. రేపు మీ పే స్లిప్‌లో తేడా కనిపిస్తే 'యు మేడ్ ఎ మిస్టేక్' అనకండి. 'దేర్ ఈజ్ ఎ డిస్క్రెపెన్సీ ఇన్ మై పే స్లిప్' అని రాయండి. ఎదుటివారిని తప్పుపట్టినట్టూ ఉండదు, మన పనీ జరుగుతుంది.