పరిపాకము - అభిమానము : ఒక ఆంగ్ల గీతసంపుటిపై శ్రోతల తీర్పు

కావ్యమును చదువరి యెట్లు స్వీకరించునను ప్రశ్న సాహిత్యపరిశోధకులకు క్రొత్తది కాదు. అయినను ఈ ప్రశ్నను పరీక్షించుటకు కావ్యముకంటె జనాదరణ పొందిన పాటయే కొన్ని యెడల అనుకూలమైన క్షేత్రము. కావ్యమునకు చదువరులు క్రమముగా నేర్పడుదురు. పేరుపొందిన పాప్ గాయకునకో, అభిమానులు లక్షలకొలదిగా ముందే సిద్ధముగా నుందురు. ఆతడు మాఱినచో ఆ మార్పును వారెల్లరు ఒక్కమాఱుగా విందురు. వెంటనే తీర్పు చెప్పుదురు. అట్టి సందర్భమొకటి ఈ వ్యాసమునకు విషయము. ఆంగ్లగాయకుడు జార్జి మైకేల్ తాను ఒంటరిగా వెలువరించిన సంపుటులలో రెండవది 1990 సెప్టెంబరు 3వ తేదీన ప్రకటితమయ్యెను. దాని పేరు 'లిజెన్ వితవుట్ ప్రెజుడిస్, వాల్యూమ్ 1'. ముందుగా నొక నిశ్చయమునకు రాక వినుడని దాని భావము. శ్రోతకు చేసిన విన్నపమునే శీర్షికగా ధరించిన సంపుటి యిది. ఆ విన్నపమును శ్రోతలు ఎంతవరకు మన్నించిరి, మన్నింపనివారు ఏల మన్నింపలేకపోయిరి అనునవి విచారింపదగిన విషయములు.

మొదట పూర్వరంగమును సంగ్రహముగా చెప్పవలెను. జార్జి మైకేల్ 1963లో లండనునగరమున జన్మించెను. తండ్రి సైప్రసు ద్వీపమునుండి వచ్చి భోజనశాల నడపిన గ్రీకుజాతీయుడు. పాఠశాలలోని మిత్రుడు ఆండ్రూ రిడ్జ్‌లీతో కూడి 1981లో 'వామ్!' అను జంటను నెలకొల్పెను. ఉల్లాసకరములైన నృత్యగీతములు ఆ జంటకు పేరు తెచ్చెను. అభిమానులలో బాలికలు, యువతులు మిక్కుటముగా నుండిరి. 1986 జూన్ 28న వెంబ్లీ క్రీడారంగమున వీడ్కోలు కచేరి జరిపి వారు విడిపోయిరి. మఱుసటి యేడు మైకేల్ వెలువరించిన 'ఫెయిత్' సంపుటిలోని నాలుగు పాటలు అమెరికాలో ప్రథమస్థానము నందుకొనెను. 1989లో ఆ సంపుటికి గ్రామీ బహుమానము లభించెను. తోలుచొక్కా, నల్లకండ్లద్దములు, గిటారు, నూనూగుగా పెరిగిన గడ్డము - ఈ వేషము ఆ పాటలనుండి విడదీయరాని దయ్యెను. అభిమానులు పాటను విన్నప్పుడెల్ల ఆ మూర్తినే చూచుచుండిరి.

ఆ మూర్తిని గాయకుడే 1990లో తొలగించెను. క్రొత్త సంపుటి ముఖచిత్రమున ఆతని ముఖము లేదు. 'వీజీ' యను పేర ప్రసిద్ధుడైన ఛాయాచిత్రకారుడు 1940లో న్యూయార్కులోని కోనీ ఐలండు సముద్రతీరమున తీసిన జనసమ్మర్దచిత్రములోని భాగము మాత్రము కలదు. వీడియోచిత్రములలో తాను కనబడనని గాయకుడు నిశ్చయించుకొనెను. 'ప్రేయింగ్ ఫర్ టైమ్' అను పాటకు తీసిన చిత్రమున తెఱపై పాటలోని మాటలే ప్రధానముగా కనబడును. 'ఫ్రీడమ్! 90' అను పాటను డేవిడ్ ఫించర్ చిత్రీకరించెను. అందు ప్రసిద్ధులైన వస్త్రప్రదర్శన సుందరీమణులు గాయకుని పాటకు పెదవులు కదపుదురు, వెనుకటి తోలుచొక్కా మంటలలో కాలును, గిటారు పేలిపోవును. గాయకుడు తన విగ్రహమును తానే భగ్నము చేయుచున్నాడని గ్రహించుటకు వ్యాఖ్యాత యక్కఱలేదు.

ఈ సంపుటిని పరిణతమనుటకు ఆధారమేమి? మొదటిది విషయము. ధనికుల లోభము, దీనులయెడ లోకపు నిర్దయ 'ప్రేయింగ్ ఫర్ టైమ్'లో ప్రస్తావితములైనవి. 'మదర్స్ ప్రైడ్' అను పాట యుద్ధమునకు బిడ్డను పంపిన తల్లిని గూర్చినది; 1991లో గల్ఫుయుద్ధము జరుగునప్పుడు అమెరికాలోని రేడియోకేంద్రములు దానిని ప్రసారము చేసెను. రెండవది నాదము. 'కౌబాయ్స్ అండ్ ఏంజెల్స్' అను పాట మూడు మాత్రల నడకతో ఏడు నిముషములకు పైగా తాపీగా సాగును. స్టీవీ వండర్ 1974లో పాడిన శోకగీతమొకటి ఇందు మరల వినబడును. అడుగు వేయించుటకంటె కూర్చుండబెట్టి వినిపించుట ఈ సంపుటికి ఎక్కువ యిష్టము.

మన ఆలంకారికులు శైలికి పాకమను పేరు పెట్టిరి. ద్రాక్షాపాకము నోట వేసికొన్నంతనే రసమిచ్చును. కదళీపాకమునకు తొక్క యొలుచుకొనవలెను. నారికేళపాకమునకు పెంకు పగులగొట్టవలెను. 'ఫెయిత్' ద్రాక్షాపాకమైనచో ఈ సంపుటి కదళీపాకము. ఇందు దుర్బోధమైన దేదియు లేదు. కాని శ్రోత కొంత శ్రమపడవలెను. ఆ స్వల్పశ్రమయొద్దనే అభిమానులు భిన్నమార్గముల పట్టిరి.

వారి అభిప్రాయములను స్థూలముగా మూడు తెగలుగా విభజింపవచ్చును. మొదటి తెగవారు నిరాశ చెందినవారు. తాము ప్రేమించిన ఉల్లాసము కనబడలేదు, ముఖము కనబడలేదు. 1991లో జరిపిన పర్యటనలో గాయకుడు ఎక్కువగా ఇతరుల పాటలనే పాడుటచే క్రొత్త సంపుటిని వేదికపై విని మనసు మార్చుకొను అవకాశమును వారికి తగ్గెను. రెండవ తెగవారు వామ్! పాటలతో పెరిగి, తమతోపాటు గాయకుడును పెరిగెనని సంతోషించినవారు. మూడవ తెగవారు అంతకుమున్ను ఆతనిని పిల్లల గాయకుడని త్రోసివేసి, ఈ పాటలు విని తమ తీర్పును దిద్దుకొన్నవారు. శీర్షికలోని విన్నపమును అక్షరాల పాటించినవారు వీరే. అభిమానము లేనివారు ఆ పని చేయగలుగుట గమనింపదగినది.

దేశభేదము కూడ కలదు. అమెరికాలో 'ఫెయిత్' కోటి ప్రతుల అమ్మకమునకు ధ్రువపత్రము పొందగా ఈ సంపుటి 20 లక్షల ప్రతుల ధ్రువపత్రముతో నిలిచెను. బ్రిటనులో అట్లు కాదు. అచట ఇది ప్రథమస్థానము నలంకరించి, 1991లో ఉత్తమ బ్రిటిషు సంపుటిగా బ్రిట్ బహుమానమును గైకొనెను. పాటలు ఒక్కటియే అయి ఫలితము వేఱైనప్పుడు, కారణమును పాటలలో మాత్రమే వెదకుట సరికాదు.

కారణమును మన మాటలోనే వెదకవచ్చును. తెలుగున 'అభిమానము' అనగా ప్రీతి. ఆత్మగౌరవమును ఆ మాటకే అర్థము. సాంఖ్యులు అహంకారమునకు అభిమానమునే లక్షణముగా చెప్పిరి. 'ఇది నాది' యను భావము దాని సారము. అభిమాని పాటను ప్రేమించుటలో తన కొంతభాగమును ప్రేమించును. పదునాఱవ యేట విని గంతులు వేసిన పాటను తలచునప్పుడు ఆ పదునాఱేండ్ల తానును జ్ఞప్తికి వచ్చును. గాయకుడు ఆ వేషమును తగులబెట్టినప్పుడు కాలినది ఆతని చొక్కా మాత్రమే కాదు. అభినవగుప్తుడు రసప్రతీతికి ఏడు విఘ్నములను పేర్కొనెను. తన సొంత సుఖదుఃఖములకు లోబడి, ఎదుటనున్న దానిపై మనసు నిలుపలేకపోవుట వానిలో నొకటి. మొదటి తెగ అభిమానులకు అడ్డుపడిన విఘ్న మిదియే. మన పద్యనాటకశాలలలో 'వన్సుమోర్' అని కేకవేసిన ప్రేక్షకునకు పద్యముపై ప్రీతి లేదనలేము. కాని ఆ ప్రీతి కథను ముందునకు సాగనీయదు.

ఇంతమాత్రమున ఆ అభిమానుల మాట తేలికది కాదు. కీర్తిని తెచ్చినది ఏ రూపమో, ఆ కీర్తి బలముచేతనే రూపమును దాచుకొను స్వాతంత్ర్యమును గాయకుడు కోరెను. ఈ వైరుధ్యమును అభిమానులు మాత్రమే గుర్తించిరనరాదు. కీర్తిభారమును గూర్చి మైకేల్ పలికిన మాటలను లాస్ ఏంజెలిస్ టైమ్స్ పత్రికలో చదివి, వృద్ధగాయకుడు ఫ్రాంక్ సినాట్రా 1990లోనే ఆ పత్రికకు లేఖ వ్రాసెను. అబ్బిన ప్రతిభకు కృతజ్ఞుడవై దానిని జనులతో పంచుకొనుమని ఆ లేఖాసారాంశము. శ్రోతలకును ఒక హక్కు కలదని వాదించువారికి ఇంతకంటె గొప్ప సాక్షి దొరకడు.

ఈ వివాదము పిమ్మట న్యాయస్థానమున కెక్కెను. సోనీ సంస్థతోడి ఒప్పందము తన్ను అన్యాయముగా బంధించుచున్నదనియు, ఈ సంపుటికి తగిన ప్రచారము కల్పింపబడలేదనియు గాయకుడు 1992లో వ్యాజ్యము వేసెను. 1994 జూన్‌లో లండనులోని ఉన్నతన్యాయస్థానము ఆ వ్యాజ్యమును కొట్టివేసెను. అనుకొన్న రెండవ భాగము వెలువడనేలేదు. తరువాతి సంపుటి 'ఓల్డర్' 1996లోగాని రాలేదు. అభిమానులకు ఈ యెడబాటే అసలైన నష్టము. పాట మాఱుటను సహించుట నేర్చుకొన్నవారును పాట లేకుండుటను సహింపవలసి వచ్చెను.

కాలము అభిప్రాయములను మరల కదిపెను. 1998లో గాయకుడు తాను స్వలింగప్రియుడనని బహిరంగముగా చెప్పెను. అంతవరకు కీర్తిపై విసుగుగా మాత్రమే వినబడిన 'ఫ్రీడమ్! 90' అటుపై లోకమునకు చూపిన ముఖమునకును లోపలి మనిషికిని నడుమ గల యెడమును చెప్పు పాటగా పలువురకు వినబడెను. పాటలో నొక్క యక్షరము మాఱలేదు. మాఱినది శ్రోత యెఱుక. 2016 డిసెంబరు 25న ఆతడు మరణించెను. 2017 అక్టోబరులో మరల ముద్రితమైన ఈ సంపుటి బ్రిటనులో ఇరువదియేడేండ్ల పిదప తిరిగి ప్రథమస్థానమునకు వచ్చెను. మరణమువలన కలిగిన సానుభూతి అందు కొంత గలదు. అయినను సానుభూతి యొక్కటియే కారణమనుట శ్రోతలకు అన్యాయము.

దీనినుండి పరిశోధకవిద్యార్థి గ్రహింపవలసినవి రెండు కలవు. అభిమానుల అభిప్రాయమును సేకరించునప్పుడు, ఏమనిరి అనుదానితోపాటు ఏ వయసున, ఏ యేట, దేనిని పోగొట్టుకొని యట్లనిరి అనునదియు వ్రాసికొనవలెను. అమ్మకపు లెక్క అభిప్రాయము కాదు. తొలియేటి అభిప్రాయము తీర్పు కాదు. మఱియు సహృదయుడు వేఱు, అభిమాని వేఱు అని మనము సులువుగా గీత గీయుదుము. ఈ సంపుటి చరిత్ర ఆ గీతను కొంత చెఱపుచున్నది. 1990లో తోలుచొక్కాకై వగచినవారిలో కొందఱు ఏండ్లు గడచిన పిమ్మట ఆ పాటలనే ఒంటరిగా కూర్చుండి వినువారైరి. పాట పరిపాకము నొందుటకు గాయకునకు మూడేండ్లు పట్టినచో, వినికిడి పరిపాకము నొందుటకు శ్రోతకు అంతకంటె ఎక్కువ కాలము పట్టుటలో వింత లేదు.